బడి మూసే ముందు రిజిస్టర్ తెరవండి

మిరుదొడ్డి చుట్టుపక్కల ఊళ్లల్లో ఈమధ్య ఒక మాట తరచూ వినబడుతోంది. "పది మంది పిల్లలున్న బడికి ఇద్దరు సార్లెందుకు? పక్కూరి బడిల కలిపేస్తె అయిపోదా?" అని. ఈ మాట అంటున్నదెవరో ముందు చూడాలి. వాళ్ల పిల్లలు పొద్దుగాల్నే పచ్చ బస్సెక్కి సిద్దిపేటకో, దుబ్బాకకో పోతున్నారు. ఊళ్లో బడి ఉన్నా ఊడినా వాళ్లకు పోయేది ఏమీ లేదు. మరి ఆ మిగిలిన పది మంది ఎవరి పిల్లలు? హాజరు పట్టీ తీసి చూస్తే తెలుస్తుంది. మాదిగోళ్ల పిల్లలు, మాలోళ్ల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, దుబాయి పోయిన తండ్రి పైసలు పంపక నానమ్మ దగ్గర ఉంటున్న పిల్లలు. బడికి తాళం పడితే ఆ తాళం పడేది వీళ్ల చదువు మీద.

ఇది ఒక్క మిరుదొడ్డి కత కాదు. 2024-25లో ఒక్క పిల్లగాడు కూడా చేరని బడులు తెలంగాణలో 2,245 ఉన్నాయని కేంద్ర విద్యాశాఖ లెక్కలే చెప్పాయి. దేశం మొత్తం మీద పశ్చిమ బెంగాల్ తర్వాత మనమే. ఇన్ని బడులు ఒక్కరోజులో ఖాళీ కాలేదు. ముందు భూములున్నోళ్లు పోయారు, తర్వాత దుకాణాలున్నోళ్లు పోయారు, తర్వాత జీతాలున్నోళ్లు పోయారు. ఆఖరుకు కూలోడు కూడా అప్పు తెచ్చి ఫీజు కట్టే కాడికి వచ్చింది. అందరూ పోయినంక "పిల్లలు లేరు" అనడం, బావిలో నీళ్లన్నీ తోడుకున్నోడే బావి ఎండిందని పూడ్చమన్నట్టున్నది.

అసలు ఈ బడి మనదాకా ఎట్లా వచ్చిందో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయ్యేదాకా మనది మెదక్ జిల్లా. అంతకు ముందు నిజాం రాజ్యం. ఆ రాజ్యంలో దఫ్తర్ ఉర్దూ, పెద్ద చదువు ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. పల్లెలో తెలుగు చెప్పే ఖాన్గీ బడి పెట్టాలన్నా సర్కారు ఇజాజత్ కావాలి. ఇదంతా అన్యాయమని తెలంగాణ చరిత్ర రాసినవాళ్లందరూ రాశారు. నిజమే. కానీ ఆ ఖాన్గీ బడిలో మాత్రం ఎవరి పిల్లలు కూసున్నారో రాసినవాళ్లు తక్కువ. పంతులుకు వడ్లు కొలిచి ఇయ్యగలిగిన పటేలు పిల్లలు, పట్వారీ పిల్లలు, షావుకారు పిల్లలు. తెలుగుకు ఇజాజత్ దొరకక పోవడం వాళ్ల బాధ. ఏ భాషలోనూ గడప తొక్కనీయక పోవడం మన బాధ. ఈ రెంటినీ ఒక్కటే అని చెప్పేవాళ్లను మేం నమ్మం.

మొదటి ఆంధ్ర మహాసభ 1930లో మన మెదక్ జిల్లా జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. అప్పటికి భాగ్యరెడ్డి వర్మ పని మొదలుపెట్టి ఇరవై ఏండ్లు దాటింది. 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టి, హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకు వరుసగా బడులు తెరిచినాయన ఆయన. సర్కారు పెట్టక ముందే, సంస్కర్తలకు మనం గుర్తు రాక ముందే, మన పైసలతో మనం పెట్టుకున్న బడులవి. అట్లాంటి మనిషి జోగిపేట సభకు వస్తే అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. భాష కోసం కూడిన సభలో కూడా కులం ముందే వచ్చి కూసున్నది.

పట్నంలో ఆ బడులు నడిచాయి గానీ మన పల్లెలదాకా రాలేదు. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో నూటికి పది మందికి కూడా చదువు రాదు. ఆ కొద్దిమందిలో మన వాడలోళ్లు ఎందరుంటారో వేరే చెప్పాల్నా?

పోలీసు యాక్షన్ తర్వాత, ఆంధ్రప్రదేశ్ అయినంక, ఊరూరికీ సర్కారు బడి వచ్చింది. చాలా ఊళ్లల్లో దానికి గది లేదు. చావడిలోనో, గుడి అరుగు మీదనో, ఎవరి కొట్టంలోనో నడిచింది. గుడి అరుగు మీద బడంటే మన పిల్లగాడు ఎక్కడ కూసోవాలె? కింద, ఎండలో. పలక దిద్దియ్యాలంటే సారు ముట్టడు, దూరంకెల్లి నోటితో చెప్తాడు. కొట్టాలంటే మాత్రం బెత్తం విసిరేస్తాడు, బెత్తానికి మైల అంటదు. మా పెద్దలు ఈ ముచ్చట నవ్వుకుంటనే చెప్తారు, వినేవాళ్లకే నవ్వు రాదు. సాతారా బడిలో బాలుడు అంబేడ్కర్ ఇంటికెల్లి తెచ్చుకున్న గోనెపట్టా మీద మూలకు కూసున్నాడు. ప్యూను వచ్చి నల్లా తిప్పితేనే ఆయనకు నీళ్లు. ప్యూను రాని రోజు దూప. ఆ గోనెపట్టా మన ఊళ్లల్ల ఆయన పోయినంక కూడా చాన ఏండ్లు పరిచే ఉన్నది.

అయినా మన తాతలు పిల్లలను పంపిండ్రు. దానికి సాక్ష్యం ఒక్కటే ఉన్నది. హెడ్మాస్టరు బీరువాలో కింది అరలో, చెదలు కొట్టకపోతే, అడ్మిషన్ రిజిస్టర్.

ఆ రిజిస్టరు చదవడం నేర్చుకోవాలని ఈ సంచికలో మేం అడుగుతున్నాం. అందులో వరుస నెంబరు, పిల్లవాని పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ, విడిచిన కారణం అని గడులుంటాయి. దొరల దస్తావేజుల్లో మన తాత పేరు అప్పు తీసుకున్నోడుగా, వేలిముద్ర వేసినోడుగా ఉంటది. బడి రిజిస్టరులో మాత్రం బిడ్డను చదివించిన తండ్రిగా ఉంటది.

పేర్లు చూడండి. ఇంట్ల పిలిచే ఎల్లిగాడు, పోశిగాడు రిజిస్టరుకు ఎక్కినంక ఎల్లయ్య, పోశయ్య అయ్యిండు. అట్లా రాసిన సారు మంచోడు. కొందరు సార్లు "గాడు" అనే రాశారు, తండ్రి పేరుకు కూడా. పుట్టిన తేదీలు చూడండి. సగం మంది జూన్, జులై నెలల్లోనే పుట్టినట్టుంటది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందితే ఐదేండ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. ఆ లెక్కతో వచ్చిన తేదీల మీదనే తర్వాత మనోళ్లు నౌకర్లు చేసి రిటైరైనారు.

కులం గడి చూడండి. కొన్నేండ్లు "హరిజన" అని ఒక్క ముద్ర. మాల ఎవరో, మాదిగ ఎవరో, డక్కలి ఎవరో రాయలేదు. గాంధీ పెట్టిన పేరు మాకొద్దని మనం ఎన్నిసార్లు అరిచినా సార్ల కలానికి అలవాటు పోలేదు. తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఏ గ్రూపో తేలేది ఉపకులం మీదనే. బడిలో రాసిన కులం సర్టిఫికెట్ దాకా వెంట వస్తది కాబట్టి, తప్పు ఉంటే పిల్లలు ఊరి బడిలో ఉన్నప్పుడే సరి చేయించుకోవాలె. పైచదువు సీటు ముందర నిలబడి ఉరికితే పని కాదు.

ఇక ఆఖరు గడి. విడిచిన కారణం. మన పిల్లల పేర్లకు ఎదురుగా ఒకే మాట కింది దాకా దిగి ఉంటది: "దీర్ఘ గైర్హాజరు". ఎటు పోయిండు ఆ పిల్లగాడు? పటేలింట్ల బర్లకాడికి పోయిండు. తండ్రి తీసిన అప్పుకు జీతమున్నడు. ఆ పిల్ల ఎటు పోయింది? చెల్లెను ఎత్తుకున్నది, తర్వాత బీడీల చాట ఒళ్లె పెట్టుకున్నది. వెట్టి చాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ తర్వాత కూడా రిజిస్టర్లలో ఆ మాట మారలేదు. "జీతానికి పెట్టినందున" అని ఏ సారూ రాయలేదు. రాస్తే దొర పేరు కూడా రాయాల్సి వస్తది గదా. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు జీతమున్న పిల్లలను విడిపించి బడికి తెచ్చారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పిల్లగాడూ పనిలో ఉన్నట్టేనని వాళ్లు పట్టుబట్టి చెప్పారు. మన రిజిస్టర్లు ఆ సంగతే ఎప్పటినుంచో దాచి పెట్టుకున్నాయి.

బడి అంటే చదువొక్కటే కాదు. పంద్రాగస్టు నాడు ఊరంతా ఒక్కచోట నిలబడేది అక్కడ. ఓటేసేది అక్కడ. వానకు ఇల్లు కూలినోళ్లు నాలుగు రోజులు తలదాచుకునేది అక్కడ. రాత్రిబడి నడిచింది అక్కడ, సంఘం మీటింగు పెట్టుకున్నది అక్కడ. గుడిలోకి పోనీయని కాలంలో, హోటల్ల వేరే గ్లాసు పెట్టిన కాలంలో, ఊరి పిల్లా వాడ పిల్లా ఒకే చాప మీద కూసున్న జాగా ఇదొక్కటే. అందుకే కులం దీని మీద కన్నేసి ఉన్నది.

మధ్యాహ్న భోజనం సంగతే తీసుకోండి. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్లుగా దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఇంకో ఆదేశం ఇచ్చింది. ఈ ఆదేశం సంగతి తెలిసినోళ్లు మన ఊళ్లల్ల ఎందరు? మనక్క పొయ్యి ముట్టిస్తే కొందరి పిల్లలకు టక్కున కడుపునొప్పి వస్తది, ఇంటికాడి డబ్బా వస్తది. పిల్లలకు ఆ నొప్పి పుట్టుకతో రాదు, పెద్దలు నేర్పిస్తే వచ్చింది. అదే అక్క నెలకు వెయ్యి రూపాయలకు ఏండ్లకేండ్లు వండింది. మూడు వేలు చేసినంక కూడా బిల్లు ఎప్పుడొస్తదో తెలియక కిరాణం దుకాణంలో ఖాతా పెట్టి పప్పు తెస్తున్నది. బడి మూస్తే ముందు పోయేది ఈ అక్క పొయ్యి.

గురుకులాలు ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి పట్టుదలతో 1980ల్లో మొదలై, మన పిల్లలను డాక్టర్లను, ఇంజనీర్లను చేసినయి. వాటిని మేం ఒక్క మాట అనం. కానీ గురుకులం ఐదో తరగతి కాడ మొదలైతది. పరీక్ష రాసి సీటు కొట్టాలె. ఆ పరీక్షకు పిల్లను తయారు చేసేది ఎవరు? ఒకటి నుంచి నాలుగు దాకా ఊరి బడే. సీటు రాని పిల్ల చదివేది ఎక్కడ? మళ్లీ ఊరి బడే. 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం కూడా పెట్టారు. మనం ఎప్పటినుంచో అడిగిందే. అయితే ఒక్క సారు ఐదు తరగతులకు రెండు భాషల్లో చెప్పుమంటే చెప్పగలడా? అరవై మంది దాకా పిల్లలున్న బడికి ఇద్దరు సార్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో రాసి ఉంది. "పది మందికి ఇద్దరెందుకు" అనేవాళ్లకు ఆ పేజీ చూపించాలె.

మనలో నౌకర్లు వచ్చినోళ్లతో కూడా ఒక మాట. ఈ బడిలో చదివి, ఈ రిజిస్టరు నకలుతో సర్టిఫికెట్ తీసుకొని, రిజర్వేషన్ల మీద జీతం తింటూ, సొంత పిల్లలను సిద్దిపేట బస్సెక్కించి, ఏప్రిల్ 14న దండ వేసి పోతే సరిపోదు. పిల్లలను ఎక్కడ చదివిస్తారో మీ ఇష్టం. బడి మీటింగుకు రాకపోవడం మాత్రం మీ ఇష్టం కాదు.

తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. అదే నెలలో బడిబాట అని సార్లు ఇంటింటికీ వస్తారు. వాళ్లు వచ్చేదాకా ఎదురుచూడకండి. వాడలో బడి ఈడు పిల్లలు ఎందరున్నారో, ఎందరు ఏ బస్సెక్కుతున్నారో మనమే రాసుకుందాం. చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లుండాలి, వెనుకబడిన వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి వాళ్ల తల్లిదండ్రులుండాలి. మీ ఊరి కమిటీలో ఎవరి పేర్లున్నాయో అడగండి. మీ పేరే ఉండి మీకే తెలియకపోవచ్చు, సంతకాలు ఇంటికి తెచ్చి పెట్టించుకొని పోయే అలవాటు మన దగ్గర బాగానే ఉంది. ఒకటో తరగతి పిల్లకు కిలోమీటరు లోపల బడి ఉండాలన్నది చట్టం కింది నియమాల లెక్క. బడి కలుపుతామనే మాట వస్తే, ఆ పిల్ల వాగు దాటి, రోడ్డు దాటి ఎంత దూరం నడవాలో కొలిచి, కాగితం మీద రాసి, కమిటీ తీర్మానంగా ఎం.ఇ.ఓ.కు ఇవ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

రిజిస్టర్ చూపించమంటే కొన్నిచోట్ల చూపిస్తారు, కొన్నిచోట్ల గులుగుతారు. మీ ఇంటివాళ్ల పేజీ నకలు కావాలని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసుకైతే ఐదు రూపాయలు, తెల్ల రేషన్ కార్డున్నోళ్లకు అదీ లేదు. ఎందుకని అడిగితే, మా తాత ఏ తరగతిల బడి విడిచిండో చూసుకుందామని అని చెప్పండి. చదవరాని పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్లను కూడా తోలుకపోండి. "దీర్ఘ గైర్హాజరు" అని ఉన్న చోట ఆ ఏడు ఎవరింట్ల ఉన్నరో వాళ్లకు యాదికుంటది. అది రాసి మాకు పంపండి, వచ్చే సంచికల్లో అచ్చేస్తాం.