గృహారోగ్యము: ముఖము చెప్పు హెచ్చరిక

ఒకే పంక్తిని కూర్చుండి ఒకే యాహారమును భుజించినవారిలో ఒకరికి అది సరిపడును, మఱియొకరికి పడదు. ఇది గృహిణు లెల్లరు ఎఱిగినదే. మద్యము విషయమునను ఇట్టి భేదము కలదు. జపాను, చీనా, కొరియా దేశములలో అనేకులకు కొలదిగా మద్యము పుచ్చుకొన్నంతనే ముఖమును మెడయును ఎఱ్ఱబాఱును, గుండె దడదడలాడును, తల నొచ్చును, వికారము పుట్టును.

దీనికి కారణ మిది. త్రాగిన మద్యము ముఖ్యముగా కాలేయమునందు రెండు మెట్లలో మాఱును. మొదటి మెట్టున అసిటాల్డిహైడు అను విషపదార్థ మగును. రెండవ మెట్టున ‘ఎ.ఎల్.డి.హెచ్. 2’ అను ఎంజైము ఆ విషమును విఱిచి, హానిలేని పదార్థముగా మార్చును. తూర్పు ఆసియావారిలో సుమారు నూటికి 36 మందికి ఈ ఎంజైమును నిర్మించు జన్యువునందు ఒక చిన్న మార్పు వంశక్రమముగా వచ్చుచున్నది. ప్రతివారికిని ఈ జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి సంక్రమించును. రెండును మాఱినవైనచో ఎంజైము దాదాపు పనిచేయదు. ఒకటి మాత్రమే మాఱినను దాని శక్తి సగముకంటె చాల తగ్గును. ఏలయన ఈ ఎంజైము నాలుగు భాగముల కూడిక, లోపించిన భాగము తక్కినవానిని గూడ చెఱచును.

ఇది ప్రకృతి యొసగిన కావలి వంటిది. రెండు జన్యువులును మాఱినవారు త్రాగుడునకు బానిసలగుట మిక్కిలి అరుదు. కాని ఒక్కటి మాఱినవారిని ఆ కావలి ఎల్లప్పుడు రక్షింపజాలదు. జపానులో త్రాగుడు వ్యసనమునకు చికిత్స పొందినవారిలో ఇట్టివారు 1979లో నూటికి 2.5 మంది, 1986లో 8 మంది, 1992లో 13 మంది. పదమూడేండ్లలో జన్యువులు మాఱలేదు, మాఱినది సంఘాచారము. బాధ నోర్చుకొని త్రాగిన వీరికి అన్ననాళమున పుట్టు క్యాన్సరు భయము ఇతరులకంటె చాల హెచ్చు. కావున ముఖ మెఱ్ఱబడువానిని చూచి నవ్వి, మఱియొక పాత్ర నందిచ్చుట స్నేహధర్మము కాదు.

మన దక్షిణదేశమున ఈ జన్యుభేదము అరుదు. అందుచేత “ఎంత త్రాగినను నాకేమియు కాదు” అనువారు కలరు. ముఖము ఎఱ్ఱబడకుండుట కాలేయము క్షేమముగా నున్నదనుటకు సాక్ష్యము కాదు. మద్యము క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. ఆ నిర్ణయము అన్ని జాతులవారికిని వర్తించును.

సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసిన దింకొకటి కలదు. డైసల్ఫిరాం అను ఔషధము ఈ యెంజైమునే అడ్డగించి, త్రాగినవానికి పైన చెప్పిన బాధలనే కల్పించును. డెన్మార్కు దేశీయులగు హాల్డ్, యాకబ్సెన్ అనువారు దాని గుణమును 1948లో ప్రకటించిరి. భర్త మాన్పింపరాని త్రాగుబోతైనపుడు కొందఱు ఇల్లాండ్రు విసిగి, ఈ మాత్రను అతనికి తెలియకుండ కూరలోనో మజ్జిగలోనో కలుపుట కలదు. వారి దుఃఖము అర్థము కానిది కాదు. కాని ఆ పని యెన్నడును చేయరాదు. ఆ సంగతి నెఱుగక అతడు త్రాగినయెడల రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. అతడు తెలిసి, సమ్మతించి, వైద్యుని పరీక్షకు లోబడి పుచ్చుకొన్నపుడే అది ఔషధము. అతనిని వైద్యునికడకు ఒప్పించి తోడ్కొనిపోవుట ఆలస్యమైనను, మేలైన మార్గ మదియే.