పరీక్ష ఫలితానికి వెల

లైంగిక వ్యాధి లేదని పరీక్షలో తేలితే డబ్బు. ఉందని తేలితే ఆ విడతకు ఏమీ లేదు. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ నివారణకు ప్రయోగించిన నగదు ప్రోత్సాహకాల్లో ఒక ముఖ్యమైన రకం ఇదే. ఎప్పుడో రాబోయే జబ్బు కంటే ఇవాళ్టి సుఖానికే మనిషి ఎక్కువ విలువ ఇస్తాడు కాబట్టి జాగ్రత్తకు ఇవాళే ప్రతిఫలం చూపాలన్నది దీన్ని సమర్థించే ఆర్థికవేత్తల వాదన. జాగ్రత్త పడాలా వద్దా అన్నది ఒక్కరి చేతిలోనే ఉందని ఆ వాదన ముందే అనుకుంటుంది. దాని మూలలోపం అదే.

ఈ వాదనకు అండగా చూపే ఫలితాలు లేకపోలేదు. టాంజానియా గ్రామాల్లో 2009లో మొదలైన ప్రయోగంలో 18–30 ఏళ్లవారికి నాలుగు నెలలకోసారి పరీక్షలు చేశారు. వ్యాధి లేనివారిలో ఒక బృందానికి 10,000 షిల్లింగులు, మరో బృందానికి 20,000 ఇచ్చారు. ఏడాది చివర పెద్ద మొత్తం పొందిన బృందంలో నయం చేయగల లైంగిక వ్యాధులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. చిన్న మొత్తం ఏ ప్రభావమూ చూపలేదు. లెసోతోలో ఇదే షరతుతో లాటరీ పెడితే రెండేళ్లలో కొత్త హెచ్‌ఐవీ కేసులు ఐదో వంతు తగ్గాయి. ఈ ఫలితాలను కొట్టిపారేయడం నిజాయితీ కాదు.

అయితే మలావీ పల్లెల్లో అదే తర్కం తిరగబడింది. ఏడాదిపాటు హెచ్‌ఐవీ స్థితి మారకుండా ఉంటే మూడు నాలుగు నెలల కూలి దాకా ఇస్తామన్నారు. ప్రవర్తనా మారలేదు, హెచ్‌ఐవీ ఫలితాలూ మారలేదు. పైగా డబ్బు చేతికందిన కొద్దిరోజులకు ప్రమాదకరమైన సంబంధాలు మగవాళ్లలో పెరిగాయి, ఆడవాళ్లలో తగ్గాయి. ఒకే నోటు ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పనిచేసింది. మగవాడికి అది ఖర్చు పెట్టుకునే స్తోమత, ఆడమనిషికి ‘వద్దు’ అనగల స్తోమత. ఫలితానికి బహుమతి కట్టేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు. భర్త ద్వారా వ్యాధి సోకిన భార్య తన తప్పేమీ లేకుండానే ఆ డబ్బు పోగొట్టుకుంటుంది. జబ్బు మీద పేదరికాన్ని శిక్షగా వేయడం ఆరోగ్య విధానం కాదు.

మలావీలోనే జోంబా ప్రయోగం దీనికి నేరుగా జవాబిస్తుంది. అక్కడ పెళ్లికాని 13–22 ఏళ్ల అమ్మాయిలకు, వారి సంరక్షకులకు నెలనెలా కొద్దిపాటి నగదు ఇచ్చారు. కొందరికి బడికి వెళ్లాలన్న షరతు ఉంది, కొందరికి ఏ షరతూ లేదు. లైంగిక ప్రవర్తన ఊసే లేదు. పద్దెనిమిది నెలల తర్వాత, మొదట బడిలో ఉన్న అమ్మాయిలను చూస్తే, డబ్బు అందినవారిలో హెచ్‌ఐవీ 1.2 శాతం, అందనివారిలో 3 శాతం. షరతు ఉన్నా లేకున్నా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇరవై అయిదు దాటిన మగవాళ్లతో సంబంధాలు తగ్గాయి. సబ్బుకో బట్టలకో వయసు మళ్లినవాడి మీద ఆధారపడక్కర్లేని అమ్మాయికి నీతిపాఠంతో పనిలేదు.

జోంబా లాభాలు డబ్బు ఆగాక చాలావరకు నిలవలేదు. దక్షిణాఫ్రికాలోని అగిన్‌కోర్ట్‌లో బడి హాజరు షరతుతో ఇచ్చిన నగదు హెచ్‌ఐవీని తగ్గించలేదు. అమ్మాయిల్లో దాదాపు అందరూ అప్పటికే బడికి వెళ్తున్నారు. అయినా అక్కడ భాగస్వాముల శారీరక హింస మూడో వంతు తగ్గింది. అంటే నగదు సర్వరోగ నివారిణి కాదు. లోటు ఉన్నచోట, లోటు ఉన్నంతకాలం అందితేనే పనిచేస్తుంది.

కోల్‌కతాలో సెక్స్ వర్కర్ల వాడ సోనాగాఛీ అనుభవం మరింత స్పష్టం. కండోమ్ కోసం పట్టుబట్టిన సెక్స్ వర్కర్ ఆదాయంలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కోల్పోయేదని 2003లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఒక్కతే పట్టుబడితే విటుడు పక్క గదికి పోతాడు. డాక్టర్ స్మరజిత్ జానా 1992లో మొదలుపెట్టిన కార్యక్రమం ఆ మహిళలనే ఆరోగ్య కార్యకర్తలను చేసింది. 1995లో వారి సొంత సంఘం దుర్బార్, పొదుపు సహకార సంఘం ఉషా ఏర్పడ్డాయి. కండోమ్ వాడకం అనేక రెట్లు పెరిగింది. అక్కడ ఎవరి పరీక్ష ఫలితానికీ బహుమతి కట్టలేదు. సొంత పొదుపుతో వడ్డీ వ్యాపారి పట్టు సడలింది, అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు.

చిన్న ప్రోత్సాహకానికి తగిన చోటు ఒకటుంది. హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం తెలుసుకోవడానికి మలావీలో ప్రోత్సాహకం లేనివారిలో వచ్చింది 34 శాతమే. కొద్దిపాటి సొమ్ము ఇస్తామనగానే ఆ సంఖ్య రెట్టింపైంది. ఫలితాలు చెప్పే కేంద్రం దాకా నడిచి రావడం ఆ మనిషి చేతిలో ఉన్న పని, ఫలితం ఏదైనా ఆ సొమ్ము అందుతుంది.