సన్నాహపు శతకములు

టెస్టుల వరుసకు ముందు జరుగు సన్నాహపు ఆటలో పరుగులు కురిసినచో విజయము చేజిక్కినదని పొంగిపోవుట, కురియనిచో జట్టు పని సరియని క్రుంగిపోవుట, హసన్‌పర్తి రచ్చకట్ట మొదలు రాజధానివరకు మన క్రీడాభిమానులకు పరిపాటి యైనది. ఈ రెండును అవివేకములే యని మా యభిప్రాయము.

2020 డిసెంబరులో సిడ్నీ నగరమున ఆస్ట్రేలియా ‘ఎ’ జట్టుపై కాకినాడ బిడ్డ హనుమ విహారి 104, రిషభ్ పంత్ 103 పరుగులు చేసి అజేయులై నిలిచిరి. దేశము సంతసించెను. ఆ పోటీలో కమిన్స్, హేజిల్‌వుడ్‌లు బంతి వేయలేదను సంగతిని మాత్రము మరచెను. వారము తిరుగకమునుపే ఆ యిరువురు అడిలైడు టెస్టు రెండవ యిన్నింగ్సులో భారతజట్టును 36 పరుగులకే కూల్చిరి. ఆ టెస్టున విహారి చేసినవి 16, 8 మాత్రమే.

అయిన నేమి? 2021 జనవరి 11న అదే సిడ్నీలో, తొడకండరము పట్టివేసినను, విహారి 161 బంతుల నెదుర్కొని 23 పరుగులతో కడవరకు నిలిచెను. అశ్విన్‌తో గూడి ఓటమి నడ్డగించెను. పిదప బ్రిస్బేనున గెలిచి మనవారు 2-1తో విజేతలైరి. దేశమునకు అక్కరకు వచ్చినది ఆ నూటనాలుగు కాదు, ఈ యిరువదిమూడే.

హసన్‌పర్తిలో బ్యాటు పట్టు బాలురారా! సన్నాహము తప్పులు దిద్దుకొనుటకే గాని గొప్పలు చెప్పుకొనుటకు గాదు. జట్టును ఎంచు పెద్దలును పరుగుల పట్టికతోపాటు ఆపదలో నిలుచు గుండెను గూడ గణింతురు గాక!