పాలన ఖర్చు ఎవరి జేబులోంచి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో మన పిల్లల ఉపకారవేతన దరఖాస్తులు నింపే వేళ తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒకటే: "పాఠం చెప్పే సార్లు లేకపోయినా ఫీజు నోటీసు మాత్రం ఎందుకు ఆగదు?"

1981లో అనంతపురంలో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఈ కరవుసీమ బిడ్డలకు ఉన్నత విద్యను చేరువ చేసింది. 2020 డిసెంబరునాటి 77వ నంబరు ఉత్తర్వుతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగింది. 2022 డిసెంబరులో కేంద్రం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. కనుక హమాలీ బిడ్డకైనా మగ్గం నేసేవారి బిడ్డకైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయమే దిక్కు.

ఫైళ్ల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపిన మేము పాలనా విభాగాన్ని తక్కువ చేయము. పరీక్షలు, పట్టాలు, పింఛన్లు దాని చేతి మీదుగానే నడవాలి. అయితే ఆ ఖర్చు పెరగడానికి కారణాలున్నాయి. అనుబంధ కళాశాలల పరీక్షల భారమంతా విశ్వవిద్యాలయానిదే. న్యాక్ గుర్తింపునకూ జాతీయ ర్యాంకులకూ ఏటా నివేదికలు పంపాలి. ప్రతి కొత్త నిబంధనకూ ఒక విభాగం, ఒక సమన్వయకర్త, ఒక వాహనం పుట్టుకొస్తాయి. ఒకసారి తెరిచిన విభాగాన్ని మూసేవారుండరు. గ్రాంటు చాలనప్పుడు అధికారుల చూపు పరీక్ష ఫీజుల మీద పడుతుంది.

ఫలితం అనుభవించేది తరగతి గదే. 2023లో రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధన పోస్టులకు ప్రకటనలు వెలువడ్డాయంటే ఖాళీలు ఎంతగా పేరుకుపోయాయో తెలుస్తుంది. ఆ నియామకాలు సైతం న్యాయవివాదాల్లో చిక్కుకున్నాయి. రిజిస్ట్రారు కుర్చీ ఖాళీ అయితే మరునాడే ఇన్‌ఛార్జి వస్తారు. ఆచార్యుని కుర్చీ ఖాళీ అయితే ఏళ్ల తరబడి అతిథి అధ్యాపకులతోనే నెట్టుకొస్తారు. ఇది డబ్బు కొరత కాదు, ప్రాధాన్యాల కొరత.

ప్రజాధనం అమానత్. దాని లెక్క చెప్పడం దయ కాదు, బాధ్యత. ప్రతి ప్రభుత్వ సంస్థా తన బడ్జెట్‌ను తానే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. బోధనకెంత, పాలనకెంత, విద్యార్థుల ఫీజుల నుంచి వచ్చినదెంత అన్న మూడు లెక్కలనూ విడివిడిగా, ఏటా ప్రకటించాలి. తెలుగుతోపాటు 2022లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయిన ఉర్దూలోనూ ప్రకటించాలి. అంతవరకు ఏ ఫీజూ పెంచరాదు.

మన మూడు పట్టణాల పెద్దలు, యువకులు ఈ నెలలోనే ఈ లెక్కలు కోరుతూ దరఖాస్తు చేయాలి. అడగనివారికి లెక్క చెప్పే కార్యాలయాన్ని మా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు.