లెక్క రాయని చావులు

కడుపుబ్బరానికి, పుల్లని తేన్పులకు వాడే సిసాప్రైడ్ మందు తయారీని, అమ్మకాన్ని నిషేధిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2011 ఫిబ్రవరి 10న గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. మంచిదే. అమెరికాలో అమ్మకం ఆగాక ఇక్కడ పదేళ్లకు పైగా జరిగిన ఆలస్యాన్ని సమర్థించినవారు చెప్పిన కారణాన్ని మాత్రం ఒప్పుకోలేం. ఈ మందు వల్ల మన దేశంలో ప్రాణాలు పోయినట్టు ఫిర్యాదులు రాలేదన్నది వారి మాట.

ఫిర్యాదు చేసేదెక్కడ? మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఇప్పటి రూపంలో మొదలైందే 2010 జూలైలో. నిషేధానికి ముందు, కృష్ణా నది లంక గ్రామం నుంచి కొల్లూరు ఊరికి వచ్చే కూలీ సంగతి చూడండి. కడుపుబ్బరం, పుల్లని తేన్పులు అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతాడు. చీటీ ఉన్నా లేకున్నా మందుల షాపులో సిసాప్రైడ్ బిళ్లలు దొరుకుతాయి. వారం తిరక్కుండా దగ్గు పట్టుకుంటే ఎరిత్రోమైసిన్, తామరకైతే ఫ్లూకొనజోల్ ఇస్తారు. సిసాప్రైడ్‌ను కాలేయం విచ్ఛిన్నం చేయకుండా ఇవి అడ్డుపడతాయి. రక్తంలో మందు పేరుకుని గుండె లయ తప్పుతుంది. ఆ మనిషి తెల్లవారేసరికి మంచంలోనే పోయి ఉంటే ఇంట్లోవాళ్లు గుండెపోటు అనుకుంటారు. ఈసీజీ లేదు, పోస్టుమార్టం లేదు, ముందురోజు ఏం మింగాడని అడిగే నాథుడు లేడు. ఇలాంటి చోట ఫిర్యాదులు లేకపోవడాన్ని మందు క్షేమమనడానికి రుజువుగా చూపడం పచ్చి మోసం.

అమెరికాలో రాసుకున్నారు గనుక లెక్క తేలింది. 1993లో అక్కడ అనుమతి పొందిన ఈ మందుపై 1999 చివరికి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి చేరిన గుండె లయ కేసులు 341, అందులో మరణాలు 80. 2000 జూలైలో కంపెనీ మార్కెట్లో అమ్మకం ఆపేసింది. ఈ అంకెలు ఢిల్లీకి తెలియనివి కావు. మనవాళ్ల గుండెకు ఈ ముప్పు లేదని తేల్చిన పరీక్ష ఏదైనా ఉంటే బయటపెట్టాలి.

మరే మందుకూ లొంగని కొద్దిమందికి ఇది ఉపశమనమిచ్చిన మాట నిజం. అలాంటి వారికి అమెరికాలో చేసినట్టే గట్టి వైద్య పర్యవేక్షణలో ఇచ్చే ఏర్పాటు ఆనాడే చేసి ఉండాల్సింది.

ఢిల్లీలో గెజిట్ అచ్చయినంత మాత్రాన కొల్లూరు షాపుల్లో అరలు ఖాళీ కావు. తెనాలి, రేపల్లె హోల్‌సేలర్ల దగ్గర సరుకు మిగిలి ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వెంటనే లెక్కగట్టి వెనక్కి పంపించి ఉండాల్సింది. ఏయే బ్రాండ్ల పేరుతో ఈ మందు వచ్చేదో తెలుగులో అచ్చువేసి ప్రతి షాపుకూ, ప్రతి ఆర్‌ఎంపీకీ అందించి ఉండాల్సింది. 2000 నుంచి ఈ ఫైలు ఎవరి బల్లమీద ఎన్నేళ్లు ఆగిందో అప్పటి ఆరోగ్య మంత్రి గులాం నబీ ఆజాద్ 2011 బడ్జెట్ సమావేశాల్లోనే పార్లమెంటుకు చెప్పి ఉండాల్సింది.