భువనవిజయం ఎక్కడ?

చుట్టాలను హంపికి తీసుకెళ్తే మొదట అడిగేది ఇదే: "రాయలవారి భువనవిజయం ఎక్కడ?" మేము నూరు స్తంభాల కొలువుకూటం అరుగు చూపిస్తాం. మిగిలింది రాతి పునాది, స్తంభాలు నిలిపిన గుర్తులే. పైనున్న కొయ్య కట్టడం 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత నగరంతోపాటే నాశనమైంది. భువనవిజయం ఇదేనని రుజువు కాలేదు.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి పోయాక, ఆ అరుగు తెలుగువాళ్లదేనని గట్టిగా చెప్పుకోవాలన్న ఆరాటం మా ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు పిల్లలకు "అయ్యుండొచ్చు" అనే చెప్తున్నాం. అదే సరైంది. రాయలు మన కన్నడ పొరుగువాళ్లకూ రాయలే కదా! పెద్దన పద్యానికి ఆ అరుగు సాక్ష్యం అక్కర్లేదు. పిల్లలు తెలుగు చదవడమే మానేస్తే, రేపు ఆ చోటు దొరికినా ఏం లాభం?