ఒక్కసారి గెలిచినవాడు

రిచర్డ్ క్రాయిచెక్ అనగానే ‘1996 వింబుల్డన్ విజేత’ అనడం, ఆ వెంటనే ‘గెలిచింది అదొక్కటేగా!’ అని పెదవి విరవడం టెన్నిస్ అభిమానులకు పరిపాటి. ఆ విరుపులో న్యాయం లేదు. 1993 నుంచి 2000 వరకు ఎనిమిదేళ్లలో పీట్ సంప్రాస్ వింబుల్డన్‌లో ఓడింది ఒక్కసారే. ఓడించినది రోటర్‌డామ్‌లో చెక్ వలస దంపతులకు జన్మించిన ఈ డచ్ యువకుడు. అదీ క్వార్టర్ ఫైనల్లో, వరుస సెట్లలో. అదంతా అదృష్టమనడం తేలికే. కాని వారిద్దరూ తలపడిన పది మ్యాచ్‌లలో ఆరు క్రాయిచెక్‌వే. అదృష్టం ఒకే ప్రత్యర్థిపై ఆరుమార్లు వరిస్తుందా? పిడుగులాంటి సర్వీసే ఆయన బలం. గాయాలు ఆ బలాన్ని హరించగా 2003లో ఆట విరమించారు. నెదర్లాండ్స్ పురుషులలో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ సాధించినది నేటికీ ఆయన ఒక్కరే.